విదేశాల్లో ఉన్న మనవాళ్లకు కానుకలు పంపేటప్పుడు: పెట్టె కట్టడం నుంచి కస్టమ్స్ దాటే వరకు

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల కొరియర్ కొట్ల ముందు సంక్రాంతి వారంలో నిలబడితే వినిపించే మొదటి ప్రశ్న "కిలోకు ఎంత?" రెండోది "సుంకం పడుతుందా?" ఈ రెండింటి కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ వస్తువు ఆ దేశంలోకి అసలు వెళ్లవచ్చా? సుంకం పడితే పోయేది కొంత డబ్బు. వెళ్లకూడని వస్తువు వెళితే పెట్టె మొత్తం పోవచ్చు, చేతిలో పట్టుకెళ్లిన మనిషి జైలుకూ పోవచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో డబ్బు లెక్కలు కాస్త వెనక్కి జరిగాయి.

మొదటి మెట్టు: జాబితా ముందు, సరుకు తరువాత

ఏం పంపాలనుకుంటున్నారో కాగితం మీద రాసి, ఒక్కో వస్తువుకూ ఎదురుగా అది చేరవలసిన దేశం పేరు రాయండి. ఒకే మామిడి తొక్కు డాలస్‌కు హాయిగా చేరుతుంది. అదే పెట్టెలో పెట్టిన కరివేపాకు అక్కడ చెత్తబుట్టలోకి పోతుంది.

అమెరికా సంగతి ముందు చూద్దాం, వరంగల్, కరీంనగర్ ఇళ్ల నుంచి ఎక్కువ పెట్టెలు అటే కదా. మాంసం, మాంసం కలిసిన ఏ పదార్థమైనా మన దేశం నుంచి అక్కడికి నిషిద్ధం. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎంత నూనెలో వేయించినా, సీసాకు ఎంత గట్టిగా సీలు వేసినా మాంసమే. తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు వద్దు. కరివేపాకు మీద వారికి ప్రత్యేకమైన కన్ను ఉంది, కారణం కూడా ఉంది. కరివేప చెట్టు నిమ్మజాతికి దగ్గరి బంధువు. నారింజ, నిమ్మ తోటలను నాశనం చేసే తెగులును మోసుకెళ్లే ఒక చిన్న పురుగుకు అది ఆశ్రయమిస్తుంది. మూట బియ్యం కూడా సామానులో తీసుకెళ్లకూడదు. గోదాముల్లో ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి, ప్రయాణికుల సంచుల్లో వచ్చే బియ్యాన్ని వారు రానివ్వరు. బియ్యప్పిండితో చేసి నూనెలో కాల్చిన సకినాలకు ఈ చిక్కు లేదు.

సకినాలు, గారెలు, నువ్వుల లడ్డూలు, అరిసెలు, కారప్పొడి, పసుపు, కూరగాయల పచ్చళ్లు మామూలుగా వెళ్లేవే. ఇక్కడ ఒక విశేషం తెలుసుకోవాలి. అమెరికాకు ఆహారం పంపితే అక్కడి ఆహార, ఔషధ సంస్థకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్నది నియమం. అయితే ఒకరు తమ ఇంట్లో చేసి, వ్యాపారం కోసం కాకుండా, అక్కడున్న వ్యక్తికి కానుకగా పంపే వంటకానికి ఈ నియమం వర్తించదు. అమ్మ చేసిన సకినాలకు ఆ మినహాయింపు ఉంది, మిఠాయి కొట్లో కొన్న సకినాలకు లేదు. కొన్నవి పంపుతుంటే ఆ సమాచారం తామే నమోదు చేస్తారా అని కొరియర్ వారిని అడగండి. సమాధానం తడబడితే ఇంకో కొట్టుకు వెళ్లండి.

బ్రిటన్, ఐరోపా దేశాలకు పంపేటప్పుడు మాంసంతో పాటు పాల పదార్థాలూ ఆగిపోతాయి. కోవాబిళ్లలు, పాలకోవా, పేడాలు అక్కడి బిడ్డలకు పంపాలన్న ఆలోచన మానుకోవడమే మేలు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్నిటికంటే కఠినం. గింజలు, విత్తనాలు, పాల మిఠాయిలు, ఎండు పూలు, చెక్క వస్తువులు, అన్నిటినీ విప్పి చూస్తారు. బతుకమ్మ పండుగకని ఎండబెట్టిన గునుగు, తంగేడు పూలు సిడ్నీకి పంపితే అవి పండుగ చూడవు. నిర్మల్ కొయ్యబొమ్మ పంపవచ్చు, కానీ అది చెక్క అని జాబితాలో స్పష్టంగా రాయాలి. బెరడు మిగిలి ఉన్నా, పురుగు తొలిచిన రంధ్రం కనిపించినా ఆపేస్తారు.

ఇక గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల కుటుంబాలు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. మన వంటింట్లో మసాలా దినుసుగా కనిపించే గసగసాలు ఎమిరేట్స్, సౌదీ, ఖతర్ దేశాల్లో మాదకద్రవ్యాల కింద లెక్క. విడిగా పొట్లం కట్టి పంపడమే కాదు, ఇంట్లో దంచిన మసాలా పొడిలో కలిసినా ప్రమాదమే. కొడుకు కోసం మసాలా దంచేవారికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. జర్దా, గుట్కా, పాన్ సామగ్రి వద్దు. మద్యం సౌదీ, కువైట్‌లలో పూర్తిగా నిషిద్ధం. సౌదీకి దేవుడి పటాలు, విగ్రహాలు పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. భక్తి ఫోనులోనూ పట్టుతుంది.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందులు, ప్రెగాబలిన్, అల్‌ప్రాజొలామ్, డయాజిపామ్ వంటివి మన ఊళ్లో చీటీ మీద దొరికే మామూలు మందులే. ఎమిరేట్స్‌లో ఇవి నియంత్రిత ఔషధాలు, ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. నడుము నొప్పికి, నరాల నొప్పికి, నిద్రకు వాడే మాత్రలన్నీ ఈ కోవలోకి రావచ్చు. డాక్టరు చీటీ, కొన్న రసీదు, కంపెనీ ప్యాకింగ్, ఈ మూడూ ఉండాలి. పట్టీల నుంచి మాత్రలు తీసి డబ్బాలో పోయడం వద్దే వద్దు.

రెండో మెట్టు: మన దేశమే బయటికి పోనివ్వనివి

నెమలి ఈకలు, వాటితో చేసిన విసనకర్రలు ఎగుమతి చేయకూడదు. ఎర్రచందనం, గంధపు చెక్క సంగతి అందరికీ తెలిసిందే. తాతల నాటి ఇత్తడి విగ్రహం వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. తాళపత్రాలకు, రాతప్రతులకు ఆ గడువు 75 ఏళ్లే. పెంబర్తిలో నిన్న చేయించిన ఇత్తడి పళ్లెం కూడా పాతదిలా కనబడేలా చేస్తారు కదా, అందుకని రసీదు పెట్టెలోనే పెట్టండి.

కుడుకల సంగతి వేరే చెప్పాలి. పెళ్లికి, నోముకు కుడుకలు లేకపోతే మనకు జరగదు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, తనకు తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానయాన నియమాలు దాన్ని ప్రమాదకర సరుకుల్లో చేర్చాయి. శంషాబాద్ విమానాశ్రయంలో సంచి విప్పించి కుడుకలు తీయిస్తే వాదించి లాభం లేదు. అత్తరు, పిచికారీ డబ్బాలు, విడి బ్యాటరీలు పార్సెల్‌లో పెట్టవద్దు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. పచ్చళ్లు, కారప్పొడి మాత్రం చేతి సంచిలో కాకుండా చెకిన్ పెట్టెలో పెట్టాలి.

మూడో మెట్టు: దారి ఎంచుకోవడం

తపాలా, కొరియర్, వెళ్తున్న మనిషి. దారులు ఈ మూడే.

తపాలా చవక, పద్ధతి స్పష్టం. ప్రధాన తపాలా కార్యాలయంలో గుర్తింపు కార్డు చూపి, కస్టమ్స్ డిక్లరేషన్ నింపి ఇవ్వాలి. పెట్టెను పూర్తిగా అతికించకుండా తీసుకెళ్తే కౌంటరులో అడిగినప్పుడు చూపడం సులువు.

కొరియర్ కొట్లలో రెండు రకాలు. ఒకటి, పెద్ద అంతర్జాతీయ సంస్థకు నేరుగా ఏజెంటు. రెండోది, ఊళ్లోని పెట్టెలన్నీ పోగు చేసి హైదరాబాద్‌లో ఇంకొకరికి అప్పగించే మధ్యవర్తి. మధ్యవర్తి చవకగా ఇస్తాడు, తప్పేమీ లేదు. కాని రసీదు మీద పంపినవారి పేరు మీదేనా, మీరు రాసిన జాబితానే ముందుకు వెళ్తుందా, అక్కడ సుంకం పడితే ఎవరు కట్టాలి అనే మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ సందేశమైనా చాలు. "అన్నీ మేం చూసుకుంటాం" అన్నది ఆ మూడింటికీ సమాధానం కాదు.

ధర విషయంలో చాలామంది మోసపోయామనుకునేది ఘనపరిమాణ బరువు దగ్గర. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించే పద్ధతిని ఎక్కువ కొరియర్లు వాడతాయి. మూడు వైపులా 40 సెంటీమీటర్లున్న పెట్టె 64,000 ఘన సెంటీమీటర్లు, అంటే 12.8 కిలోలు. లోపల ఆరు కిలోల సకినాలే ఉన్నా 12.8 కిలోలకే డబ్బు తీసుకుంటారు. సకినాలు విరగకూడదని చుట్టూ గాలి నింపితే ఆ గాలికీ మీరే కట్టాలి. తేలికైన పిండివంటలతో పాటు పచ్చళ్లు, వరంగల్ చపాట మిర్చి పొడి, ఇత్తడి వస్తువులు కలిపి సర్దితే లెక్క సమం అవుతుంది.

నాలుగో మెట్టు: డిక్లరేషన్ రాయడం

పెట్టె భవిష్యత్తు తేలేది ఈ కాగితం మీదే. అక్కడి అధికారి ముందుగా చూసేది దీన్నే. "గిఫ్ట్", "వంటలు", "బట్టలు" అని రాస్తే పెట్టె విప్పమని మీరే చెప్పినట్టు. ప్రతి వస్తువుకూ ఏమిటి, దేనితో చేసింది, ఎన్ని, బరువెంత, విలువెంత అన్నది ఇంగ్లీషులో రాయాలి. "బట్టలు" అనడానికి బదులు "ఆడవారి నూలు చీర, చేనేత, ఒకటి". "పొడి" అనడానికి బదులు "పసుపు పొడి, వంటకు, 500 గ్రాములు". నిజామాబాద్ పసుపైనా సరే, పేరులేని ప్లాస్టిక్ సంచిలో ఉంటే స్కానరు ముందు కూర్చున్నవారికి అది ఏదో ఒక పొడి. ప్రతి పొట్లం మీదా పేరు రాసిన చీటీ అతికించండి, ఇంట్లో చేసినవైతే దినుసులూ రాయండి.

ఇప్పుడు చాలా దేశాలు ఆరంకెల సుంకపు సంఖ్య కూడా అడుగుతున్నాయి. ఇది వస్తువు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్య, సుంకం శాతం దీని మీదే ఆధారపడుతుంది. నిర్మల్ బొమ్మనే తీసుకోండి. పిల్లల ఆటవస్తువైతే 9503తో మొదలవుతుంది, అలంకరణకు పెట్టే కొయ్యబొమ్మ అయితే 4420 కిందికి వస్తుంది. వస్తువు ఒకటే అయినా వాడుకను బట్టి సుంకం మారవచ్చు. కొరియర్ కొట్టువారు సంఖ్య వేస్తే ఏది వేశారో అడిగి చూసుకోండి.

విలువ తగ్గించి రాయడం మనవాళ్లకు అలవాటు. పన్నెండు వేల పట్టుచీరకు ఎనిమిది వందలు వేస్తారు. దీనివల్ల రెండు నష్టాలున్నాయి. పెట్టె పోతే పరిహారం ఎనిమిది వందలకు మించి అడగలేరు. అధికారికి అనుమానం వస్తే తానే విలువ కడతాడు, తప్పుడు ప్రకటన కింద జరిమానా వేయవచ్చు, వస్తువును స్వాధీనం చేసుకోనూవచ్చు. కొన్న రసీదు ప్రతి ఒకటి లోపల, ఒకటి పెట్టె మీది సంచిలో పెట్టండి. ఇంట్లో చేసినవాటికి దినుసుల ఖర్చును బట్టి నిజాయతీగా అంచనా వేస్తే సరిపోతుంది.

మన దేశం వైపు నుంచి కానుకలకు ఒక పరిమితి ఉంది: విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ఏడాదిలో 5 లక్షల రూపాయల విలువ వరకు. మామూలు కుటుంబాలకు ఇది అడ్డు రాదు.

అయిదో మెట్టు: సుంకం లెక్క

అమెరికా నియమాలు ఈ మధ్య బాగా మారాయి. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ పోయింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ అమెరికాకు సేవలను ఆపి, సుంకాన్ని పంపేవారి దగ్గరే ముందుగా తీసుకునే పద్ధతితో అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. మిగిలినది నిజమైన కానుకకు ఉన్న 100 డాలర్ల మినహాయింపు. "నిజమైన" అన్న మాటకు అర్థం ఇది: ఒక వ్యక్తి ఇంకొక వ్యక్తికి ఉచితంగా ఇచ్చింది. అమ్మాయి అక్కడి నుంచి డబ్బు పంపి ఇక్కడ చీర కొనిపిస్తే అది కొనుగోలు, కానుక కాదు. ఒకే వ్యక్తికి ఒకే రోజు చేరిన కానుకలన్నీ కలిపి లెక్కిస్తారు. విలువ 100 డాలర్లు దాటితే దాటిన భాగానికే కాకుండా మొత్తానికి సుంకం పడుతుంది. సుంకం శాతాలు తరచూ మారుతున్నాయి కాబట్టి పంపే వారంలోనే అడిగి తెలుసుకోండి. పక్కింటివారు నిరుడు ఎంత కట్టారన్నది పనికిరాదు.

ఒక ఇంట్లో నలుగురికి పంపుతుంటే నలుగురివీ విడివిడిగా చుట్టి, ఒక్కొక్కరి పేరు, వస్తువు, విలువ వేరుగా రాసి ఒకే పెట్టెలో పెట్టవచ్చు. ఒక్కొక్కరిదీ 100 డాలర్ల లోపు ఉంటే మినహాయింపు విడివిడిగా వర్తిస్తుంది. చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది, దొంగదారి కాదు.

మిగతా దేశాల్లో కానుకలకు పరిమితులు చిన్నవి. బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపైతే విలువ ఆధారిత పన్ను లేదు; కస్టమ్స్ సుంకం 135 పౌండ్లు దాటాకే. ఐరోపా సమాఖ్యలో వ్యక్తి నుంచి వ్యక్తికి 45 యూరోలు. కెనడాలో 60 కెనడా డాలర్లు. దుబాయ్‌లో 2023 నుంచి 300 దిర్హాముల లోపు పార్సెల్‌కు సుంకం లేదు, ఆపైన మామూలుగా 5 శాతం. సుంకం కాకుండా, దాన్ని మీ తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ వేరే రుసుము తీసుకుంటుంది. చిన్న పెట్టెల విషయంలో ఆ రుసుము సుంకం కంటే ఎక్కువ కావచ్చు. అందుకున్నవారు ఆశ్చర్యపోకుండా ముందే ఫోను చేసి చెప్పండి.

ఆరో మెట్టు: మనిషితో పంపడం, మనిషిగా మోయడం

ఊళ్లో ఎవరైనా దుబాయ్ వెళ్తున్నారంటే ముందురోజు రాత్రి వారి ఇంటికి డబ్బాలు వస్తాయి. మావాడికి తొక్కు, మా అల్లుడికి మందులు, చిన్న పొట్లమే. ఇది మన ఊళ్ల మంచితనం. మత్తుపదార్థాలు పంపేవారు వాడుకునేది కూడా దీన్నే. తెలియక మోశానన్న మాట అక్కడి విమానాశ్రయంలో చెల్లదు. సంచి ఎవరిదో సరుకు వారిదే. సౌదీలో మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష వరకు ఉంది. ఎమిరేట్స్‌లో, కువైట్‌లోనూ ఏళ్ల తరబడి జైలు నుంచి మరణశిక్ష వరకు ఉంది.

కాదనడం కష్టం కాబట్టి కాదనకుండా చేసే పద్ధతి ఒకటి ఉంది. సీలు వేసిన డబ్బా తీసుకోవద్దు. "వదినా, ఏమనుకోవద్దు. తొక్కు విడిగా తెచ్చివ్వండి, మా ఇంట్లో ఉన్న సీసాలో పోసి నేనే మూత బిగిస్తాను" అనండి. నిజంగా తొక్కే ఇచ్చేవారు ఏమీ అనుకోరు. పిండివంటలైతే మీ చేత్తో ఒక్కొక్కటీ తీసి వేరే సంచిలో పెట్టుకోండి. చెప్పుల అడుగు, సబ్బు పెట్టె, పుస్తకం అట్ట, బొమ్మ లోపలి దూది, ఇవన్నీ చూడండి. ఇతరుల మందులు అసలే వద్దు. ఇచ్చినవారి గుర్తింపు కార్డు ఫోటో, అందుకోవలసినవారి నంబరు, ఇచ్చిన వస్తువుల ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి. విమానాశ్రయంలో ఎవరో ముక్కూమొహం తెలియనివారు "బరువు ఎక్కువైంది, ఇది పట్టుకోండి అన్నా" అంటే మాత్రం మొహమాటం అక్కర్లేదు.

ఎమిరేట్స్‌లోకి వెళ్లే ప్రయాణికుడి వెంట కానుకలు 3,000 దిర్హాముల వరకు సుంకం లేకుండా అనుమతి. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు అక్కడ కనీసం 72 గంటలు ఉంటే 100 డాలర్ల కానుకలు ఉచితం. వారికి అంతకంటే ముఖ్యమైన సలహా: ఆహారం ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. ఉందని చెప్పి చూపిస్తే, నిషిద్ధమైనది తీసేసి మిగిలినది ఇస్తారు. లేదని చెప్పి దొరికితే జరిమానా 300 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకు సంచిలోని తినుబండారాల జాబితా ఇంగ్లీషులో రాసిచ్చి, పాస్‌పోర్టుతో పాటు పెట్టించండి. మాట తడబడినా కాగితం చూపిస్తారు.

నగలతో వెళ్తుంటే, బయలుదేరే ముందు శంషాబాద్‌లోనే కస్టమ్స్ అధికారుల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అవి ఇక్కడివేనని రుజువు అదే. బంగారం, నగదు పార్సెల్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

ఏడో మెట్టు: అటు నుంచి ఇటు

ఇది క్లుప్తంగా చెబుతాను. విదేశం నుంచి వచ్చే మన దేశీయుడికి సుంకం లేని సామాను పరిమితి 2016 నియమాల్లో 50,000 రూపాయలు; 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నియమాల్లో 75,000. భార్యాభర్తలు ఇద్దరి పరిమితినీ కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోలేరు. గల్ఫ్ నుంచి మోసుకొచ్చే టీవీ ఈ పరిమితిలోకి రాదు, బంగారు బిస్కెట్లూ రావు. పార్సెల్‌లో "కానుక" అని రాసి ఇక్కడికి పంపితే సుంకం ఉండదన్న నమ్మకం ఇంకా ఉంది. ఆ సౌకర్యం 2019 డిసెంబరులో పోయింది; రాఖీలకు, ప్రాణరక్షక ఔషధాలకు తప్ప మిగతావాటికి పూర్తి సుంకం కట్టవలసిందే.

ఎనిమిదో మెట్టు: పెట్టె ఆగిపోయినప్పుడు, ఫోను మోగినప్పుడు

ట్రాకింగ్‌లో పెట్టె కస్టమ్స్ దగ్గర ఆగిందని కనిపిస్తే మొదటి పని అందుకోవలసినవారిది. అక్కడి అధికారులు, కొరియర్ వారు అడిగేది వారినే. మీ దగ్గరున్న రసీదులు, జాబితా, సర్దేటప్పుడు తీసిన ఫోటోలు వారికి పంపండి. సుంకం కట్టడానికి నిరాకరిస్తే పెట్టె తిరిగి రావచ్చు లేదా అక్కడే నాశనం చేయవచ్చు. తిరుగు ఖర్చు ఎవరిదో కొట్టులో ముందే అడిగి ఉండాలి. గల్ఫ్‌లో మనిషే చిక్కుకుంటే భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ "మదద్" పోర్టల్‌కు వెంటనే ఫిర్యాదు చేయాలి. ఏజెంట్ల చుట్టూ తిరుగుతూ రోజులు పోగొడితే, ఈలోగా అతని మీది కేసు ముందుకు పోతుంది.

మీరు ఏమీ పంపకపోయినా, మీకు ఎవరూ పంపకపోయినా కస్టమ్స్ పేరుతో ఫోను రావచ్చు. ఇందులో రెండు రకాలు. ఆన్‌లైన్‌లో పరిచయమైన విదేశీ స్నేహితుడు బంగారం, ఫోను కానుకగా పంపాడు, ఢిల్లీ విమానాశ్రయంలో ఆగింది, సుంకం కట్టమంటారు. లేదంటే మీ పేరున వెళ్తున్న పార్సెల్‌లో మత్తుమందు దొరికింది, వీడియో కాల్‌లో మిమ్మల్ని "డిజిటల్ అరెస్టు" చేశామంటారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. కస్టమ్స్ శాఖ సుంకాన్ని వ్యక్తుల బ్యాంకు ఖాతాల్లోకి వేయమని అడగదు. ఆ శాఖ నుంచి వచ్చే ఉత్తరం మీద ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ మండలి వెబ్‌సైటులో దాన్ని సరిచూసుకోవచ్చు. డబ్బు అప్పటికే పంపేసి ఉంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఆ గంటలోనే ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.